తవుడిచ్చి కొన్న పేరు

పోయిన వారం మనం చౌడేశ్వరిని అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్లో, కంప్యూటర్ ముందు వదిలేసి వచ్చాం. మర్యాద కాదు, తెలుసు. మీట మీద వేలు ఆగిపోయిన మనిషిని వారం రోజులు అలాగే కూర్చోబెట్టడం సీరియల్ రాసేవాళ్ళకే చెల్లింది. ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

చౌడేశ్వరికి ఇరవై మూడేళ్ళు. పగలు ఆసుపత్రిలో రోగుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది, సాయంత్రం డ్రమ్స్ వాయిస్తుంది. మొదటిది కడుపు కోసం, రెండోది తన కోసం. వాళ్ళ తాత ఓబన్న జాతరల్లో ఉరుము అనే డోలు వాయించినవాడు, కాబట్టి చర్మం మీద దెబ్బ వేయడం ఆమెకు కొత్తగా ఎవరూ నేర్పలేదు. ఆమె బ్యాండులో ఇంకా ఇద్దరున్నారు. గిటారు వాయిస్తూ పాడేవాడు జోయల్, బత్తలపల్లె పాస్టరు గారబ్బాయి. బేస్ గిటారు వాయించేవాడు, పాటలు రాసేవాడు తిప్పేష్, కంబదూరు దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇంటివాడు. వాళ్ళు వాయించేది పంక్. అంటే ఏమిటని అడిగితే, గిటారు మీద మూడు పట్లు, రెండు నిమిషాల పాట, గొంతు చిరిగిపోయేదాకా అరుపు. అంతే. ఆదివారం బెంగళూరులో వాళ్ళ మొదటి పెద్ద ప్రోగ్రాం.

బ్యాండు పేరు ఎఫ్ ట్వంటీ. లేని గొంతులు వినిపించి, ఎవరో వెంట పడుతున్నారని భయపెట్టే స్కిజోఫ్రెనియా అనే జబ్బుకు డాక్టర్లు ఫైలు మీద రాసే గుర్తు అది. పంక్ బ్యాండ్లకు ఇలాంటి పేర్లు కొత్త కాదు. యాభై ఏళ్ళుగా పరదేశాల్లో పిచ్చాసుపత్రుల పేర్లు, కరెంటు షాకుల పేర్లు, ఫిట్సు పేర్లు, నిద్రమాత్రల పేర్లు పెట్టుకొని ఊరేగుతున్నారు. జోయల్ ఆ జాబితా అంతా ఫోనులో చూపించి, "ఎట్లాగూ మనల్ని పిచ్చోళ్ళంటారు. వాళ్ళనకముందే మనమే అనేసుకుంటే వాళ్ళ నోటికి పనుండదు" అన్నాడు. ఈ పేరే పెడదామని చెప్పింది మాత్రం తిప్పేష్.

ప్రతి బుధవారం ఆసుపత్రికి మనసు జబ్బుల డాక్టరు వస్తాడు. ప్రతి బుధవారం ఏ నలుగురైదుగురి ఫైళ్ళకో చౌడేశ్వరి ఆ గుర్తు కొట్టేది. కొట్టినప్పుడల్లా లోపల్లోపల నవ్వుకునేది, మా బ్యాండు పేరేనని. ఈ బుధవారం కూడా నవ్వుకుంటూనే కొట్టింది. తర్వాత పేరు గడిలో ఏముందో చూసింది.

తిప్పయ్య, తండ్రి నారాయణప్ప, వయసు ఇరవై నాలుగు, కంబదూరు మండలం.

తిప్పేష్ అసలు పేరది. అక్కడే మనం ఆగాం.

ఇక ఈ వారం.

"ఏమి పాపా, మిషిను చెడిపోయిందా?" అంది కౌంటర్ అవతలి మనిషి. చిక్కిపోయిన మొహం, ముతక చీర, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో మడతలు నలిగిన ఫైలు. తిప్పేష్ వాళ్ళమ్మ హనుమక్క. ఇన్నాళ్ళూ ఆ ఫైలు పక్క కౌంటర్లో పోయేది, అందుకే చౌడేశ్వరి ఆమెను ఎప్పుడూ చూడలేదు, ఆమెకు చౌడేశ్వరి ఎవరో తెలియదు. కానీ ఆ ముక్కూ, ఆ గడ్డం తిప్పేష్‌వే.

"లేదమ్మా," అంది చౌడేశ్వరి. ఇంకో మాట రాలేదు.

మాటలు రాని వాళ్ళు కనబడితే కొంతమంది తామే మాట్లాడి నింపుతారు. హనుమక్క ఆ రకం. "మా వాడు రాలేదని డాక్టరు సారు కోపం చేసినాడు పాపా. వచ్చే నెల పిల్చుకొస్తానని చెప్పినా. పనుండాదంట వానికి. మాత్రలు మాత్రం తప్పకుండా మింగుతాండాడు. ఇప్పుడు బాగుండాడు. మనసులో బాధ లేకుండా నవ్వుతాండాడు. రెండు బస్సులెక్కి ఈడికొస్తా, ఇంకో బస్సెక్కి బత్తలపల్లెకు పోయి వాని చేతిలో పెట్టి పోతా. ముందు పుట్టినోళ్ళు ఇద్దరు దక్కలేదు నాకు. వీడు పుడతానే తిప్పలో పండబెట్టినాము. మా పక్కింటి తిమ్మమ్మ చేటెడు తవుడిచ్చి కొనుక్కునె. ముక్కు కుట్టించె. తిప్పయ్య అని పేరు పెట్టె. మూడు నెలలు ఆమే చంకనేసుకొని కంబదూరుకు పోయి సూదులేయించుకొచ్చె. అట్ల బతికించుకున్న బిడ్డ వాడు."

తెలియని వాళ్ళకు చెప్పాలి. పుట్టిన పిల్లలు పోతున్న ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, ఆ బిడ్డను పెంటదిబ్బ మీద పడుకోబెడతారు. ఆ దిబ్బనే తిప్ప అంటారు. ఇరుగమ్మ ఎవరో వచ్చి, పారేసిన బిడ్డను తవుడిచ్చి కొంటుంది. బిడ్డ ఇక ఆ ఇంటిది కాదు, చెత్తలో దొరికింది, చెత్త పేరు పెట్టుకుంది, దీన్ని ఎత్తుకుపోయి ఏం లాభం అని చావు పక్కకు తప్పుకుంటుందని నమ్మకం. తిప్పేష్ ముక్కుకున్న రింగు చూసి కాలేజీ పిల్లలు అబ్బ, ఏం పంక్ రా అనుకుంటారు. అది తిమ్మమ్మ కుట్టించిన ముక్కు.

చౌడేశ్వరి మీట నొక్కింది. చీటీ తీసి హనుమక్క చేతిలో పెట్టింది. "మందుల దగ్గర లైను పెద్దదిగా ఉండాదమ్మా, మెల్లగా పొండి," అంది. ఆమె అటు తిరగగానే, మెడలో గుర్తింపు కార్డు వెనక దాచి పెట్టుకున్న బ్యాండు బిళ్ళను పీకి సంచిలో వేసుకుంది. నల్లటి బిళ్ళ, మీద ఎర్రటి అక్షరాలతో ఎఫ్ ట్వంటీ. ఇన్నాళ్ళూ దాన్ని పెట్టుకొని ఎంతమంది రోగుల ముందు కూర్చుందో గుర్తుకొచ్చి ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. తలనొప్పి అని చెప్పి సగం రోజు సెలవు పెట్టి, బత్తలపల్లె బస్సెక్కింది.

దారి పొడుగునా ఎర్రటి చేలు దున్ని పెట్టి ఉన్నాయి. జూలై సగం అయింది, విత్తనం పడలేదు. వాన రాదు, వస్తుందన్న మాట మాత్రం రోజూ వస్తుంది. చౌడేశ్వరి కిటికీ పక్కన కూర్చుంది కానీ ఏమీ చూడలేదు. రెండేళ్ళుగా పక్కన నిలబడి వాయిస్తున్న మనిషికి ఆ జబ్బుంటే తనకు తెలియకపోవడమేమిటి? తెలియదు సరే, ఆ జబ్బు పేరు తీసుకొచ్చి మా మొహాలకు తగిలించి, మేం నవ్వుతుంటే తనూ నవ్వాడే, ఆ నవ్వేమిటి? మోసం చేశాడని కోపం వచ్చింది. మరుక్షణం, ఎవరికి చెప్పుకోవాలో తెలియక అలా చేశాడేమో అనిపించింది.

వాళ్ళు ప్రాక్టీసు చేసే చోటు ఊరి చివరి కాయల మిల్లు. వేరుశనక్కాయలు ఒలిచే మిల్లు. పంట లేక మూడేళ్ళుగా మూతబడి ఉంది. యజమాని లక్ష్మీపతి దానికి కాపలాగా తిప్పేష్‌ను పెట్టుకున్నాడు. మిషన్ల పక్కనే ఒక మూల మంచం వేసుకొని తిప్పేష్ అక్కడే ఉంటాడు. చుట్టుపక్కల ఇళ్ళు లేవు కాబట్టి ఎంత అరిచినా అడిగేవాళ్ళు లేరు. మిల్లు వెనక కాయల పొట్టు కొండలా పడి ఉంది.

ఆమె వెళ్ళేసరికి తిప్పేష్ బేస్ గిటారుకు తీగ మారుస్తున్నాడు. రేకుల షెడ్డు లోపల ఎండ సెగకు నిలబడడం కష్టం. వాడికి చెమట కూడా పట్టినట్టు లేదు.

"ఏం చౌడీ, ఈ పొద్దప్పుడు వచ్చినావు? డ్యూటీ లేదా?"

"మీ యమ్మను చూసినా," అంది.

వాడి చేతిలో తీగ జారి సర్రున చుట్టుకుపోయింది. వాడు దాన్ని తీసి, నిదానంగా సరిచేసి, మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. "యాడ?"

"మా కౌంటర్లో. నీ ఫైలు నా చేతుల మీదనే పోయినాది."

 చౌడేశ్వరి ఈ క్షణం కోసం బస్సులో ఎన్ని మాటలు కూడబెట్టుకుందో! అరుస్తాడేమో, ఏడుస్తాడేమో, నా ఫైలు చూడడానికి నువ్వెవరని తిరగబడతాడేమో, అన్నిటికీ సిద్ధపడి వచ్చింది. వాడు తల ఎత్తి నవ్వాడు. ఆ నవ్వుకు మాత్రం ఆమె సిద్ధంగా లేదు.

"పోనీలే, తెలిసినాది కదా. చెప్దామని అనుకుంటానే ఉండా. ఇప్పుడు లేదులే నాకు. పోయినాది."

"పోయినాదంటే?"

"పోయినాదంటే పోయినాది. రెండేండ్లు మింగినా మాత్రలు. మార్చి నుంచి మింగడం లేదు. నాలుగు నెలలు. ఒక్క గొంతు లేదు, ఒక్క మాట లేదు. సల్లగా ఉండాది తలకాయ."

 చౌడేశ్వరి డాక్టరు కాదు, కానీ నాలుగేళ్ళుగా ఆ కౌంటర్లో కూర్చున్న మనిషి. మాత్రలు ఆపేసిన వాళ్ళు తిరిగి ఎలా వస్తారో చూసింది. కొందరు నెలకు, కొందరు ఆరు నెలలకు. బాగుందని ఆపేస్తారు, బాగున్నన్నాళ్ళు బాగానే ఉంటారు. తర్వాత అన్నదమ్ములు ఇద్దరు ముగ్గురు చెరో రెక్కా పట్టుకొని తీసుకొస్తారు.

"మీ యమ్మ నువ్వు మింగుతాండావని చెప్పింది కదప్పా!"

"ఆమెకు అట్లనే చెప్పినా. బాధపడతాది."

"ఎవురు చెప్పినారు నీకు ఆపమని? డాక్టరు చెప్పినాడా?"

"డాక్టరెందుకు చౌడీ? నువ్వే కదా తీసుకున్యావు."

ఆమెకు అర్థం కాలేదు. వాడు వివరంగా, చిన్నపిల్లకు లెక్క చెప్పినంత ఓపికగా చెప్పాడు. అరిచి ఉంటే ఆమె ఇంత భయపడేది కాదు.

"మార్చిలో బ్యాండుకు పేరు పెట్టింది గుర్తుండాదా? ఎనకాల పొట్టు తిప్ప మీద?"

గుర్తుంది. గుర్తు లేకపోవడమేం, ఆ వీడియో వాళ్ళ పేజీలో ఇప్పటికీ అన్నిటికంటే ఎక్కువమంది చూసింది. తిప్పేష్ ఆలోచనే. ఊళ్ళో బిడ్డకు చెత్త పేరు పెట్టినట్టు బ్యాండుకు జబ్బు పేరు పెడుతున్నాం కాబట్టి ఆ తంతు అంతా చేద్దామన్నాడు. ఒక పాత తువ్వాల మూటను చేటలో పెట్టి పొట్టు తిప్ప మీద ఉంచాడు. మూటే బ్యాండు. చౌడేశ్వరి పక్కింటామె వేషంలో కొంగు దోపుకొని వచ్చి, చేటెడు తవుడు పోసి, ఆ మూటను ఎత్తుకుంది. "ఏమి పేరు పెడతావమ్మా?" అని జోయల్ పూజారి గొంతుతో అడిగాడు. "ఎఫ్ ట్వంటీ" అని ముగ్గురూ అరిచారు. పడీ పడీ నవ్వారు. ఆ రోజు తిప్పేష్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొట్టు దుమ్ము పడిందన్నాడు.

"అది ఉత్త వీడియో కదా తిప్పేషూ," అంది చౌడేశ్వరి. తన గొంతు తనకే చిన్నగా వినిపించింది.

"మీకు ఉత్తది. నాకు కాదు. ఆ మూట యాడుండాది ఇప్పుడు?"

మూట ఎక్కడుందో చౌడేశ్వరికి తెలుసు. కాలితో వాయించే పెద్ద డ్రమ్ము ఉత్తగా ఉంటే గుయ్యిమని మోగుతూనే ఉంటుంది. అందుకే వాయించేవాళ్ళు దాని కడుపులో ఏ దుప్పటో దిండో కుక్కుతారు, దెబ్బ పడిన చోటే ఆగిపోవడానికి. ఆ రోజు వీడియో అయ్యాక, చేతికి దగ్గరగా ఉందని ఆ మూటను అందులో ఆమే కుక్కింది. నాలుగు నెలలుగా రోజూ దాని మీదే కాలితో దెబ్బ వేస్తోంది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చొని డ్రమ్ము ముందు చర్మానికున్న రంధ్రంలో చెయ్యి పెట్టింది. మూట బయటికి తీసింది. ముడి గట్టిపడి ఉంది, గోళ్ళతో విప్పాల్సి వచ్చింది. లోపల పాటల నోటు పుస్తకం ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకుంది. ఒక్క కాగితం ఉంది. వాళ్ళ ఆసుపత్రి చీటీ. పైన తను రోజూ చూసే ముద్ర. కింద డాక్టరు గారి వంకర రాతలో రెండు మాత్రల పేర్లు, తిప్పయ్య అనే పేరు, పక్కన ఎఫ్ ట్వంటీ.

"చూసినావా," అన్నాడు తిప్పేష్, సంతోషంగా. "నా రోగాన్ని తిప్పలో పారేసినా. నువ్వు తవుడిచ్చి కొన్యావు. అది నాది కాదింక. పేరు పెట్టి, డ్రమ్ములో ఏసి, రోజూ తంతాండావు దాన్ని. అందుకే నాకు తగ్గినాది. పరదేశాల్లో ఆ బ్యాండ్లోళ్ళంతా ఊరికే పెట్టుకున్యారా అట్లాటి పేర్లు? వాళ్ళకూ ఎవరికో ఒగరికి ఉండే ఉంటాది. రోగానికి ముందుగాల మనమే పేరు పెడితే అది మన జోలికి రాదు."

ఇదీ సంగతి. చదువుతున్న మీకు వాడు పిచ్చిమాటలు మాట్లాడుతున్నాడని అనిపించవచ్చు. నాకలా అనిపించదు. పెంటదిబ్బ మీద పడుకోబెట్టబట్టే బతికానని పుట్టినప్పటి నుంచి విన్నవాడు, అద్దంలో చూసినప్పుడల్లా ముక్కుకు ఆ సాక్ష్యం కనబడేవాడు, రెండోసారి ప్రాణం మీదికి వస్తే ఇంకేం చేస్తాడు? తనకు తెలిసిన మందే వేసుకున్నాడు.

కానీ చౌడేశ్వరి పరిస్థితి చూడండి. నవ్వుకుంటూ వీడియోలో నటించిన ఆ తంతుతో తన చేతులారా ఒక మనిషి మాత్రలు మాన్పించింది.  వాడి మీద అరవాలా, తన చెంప తనే వాయించుకోవాలా తెలియలేదు. చివరికి అరిచింది.

"ఏమి కొంటాండానో నాకు చెప్పినావా నువ్వు? మూటలో ఏముండాదో చెప్పకుండా అంటగడతావా? నన్ను అడిగినావా?"

"నీకేం కాదు చౌడీ. కొన్నోళ్ళకు రాదది. తిమ్మమ్మకేమైనా అయినాదా?"

తిమ్మమ్మ పేరు వినగానే చౌడేశ్వరి ఆగింది. పొద్దున హనుమక్క కౌంటర్ మీద మోచేతులు పెట్టి చెప్పిన మాటలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. ఆమె కాళ్ళు మడుచుకొని, ఆ నేల మీదే వాడికి ఎదురుగా సర్దుకొని కూర్చుంది.

"తిమ్మమ్మ నిన్ను కొన్నెంక ఏమి చేసింది?"

"ఏమి చేసింది? ముక్కు కుట్టించె. పేరు పెట్టె."

"ఆ తర్వాత?"

"తర్వాతేముండాది?"

"నీకు తెలీదు. మీ యమ్మకు తెలుసు. మూడు నెలలు నిన్ను చంకనేసుకొని కంబదూరు ఆసుపత్రికి పోయినాదంట. సూదులేయించనీకి. తిప్పలో పెట్టినాము, పేరు పెట్టినాము, ఇంగేం కాదులే అని ఇంట్లో కూచున్నాదా ఆమె? కొన్నది కాబట్టి బిడ్డ బాధ్యత ఆమెదైనాది. ఎండలో నడిచి పోయినాది. పేరూ పెట్టినాది, సూదీ ఏయించినాది. నువ్వు దేంతో బతికినావో ఎవురికి తెలుసు?"

తిప్పేష్ ముక్కు రింగు మీదికి చెయ్యి పోయింది. అది వాడి అలవాటు. ఈసారి వేళ్ళు అక్కడే ఉండిపోయాయి.

"మా యమ్మ నాకెప్పుడూ చెప్పలేదే సూదుల మాట," అన్నాడు.

"నువ్వు తిప్ప కత మాత్రమే అడిగింటావు. అదే చెప్పింటాది."

 చౌడేశ్వరి చీటీ మడిచి తన సంచిలో పెట్టుకుంది. "సరే, నేనే కొన్యా. ఒప్పుకుంటాండా. తవుడిచ్చినా, ఎత్తుకున్యా, ఊరంతా చూసినారు. అట్లైతే నా మాట ఇనాల్సిందే నువ్వు. మందు నేను తాపిస్తా. రేపు డాక్టరు దగ్గరికి నేను పిల్చుకొని పోతా. బెంగళూరు పోతామో లేదో తర్వాత చూద్దాం. యాడుండాయి మాత్రలు? లే, తీసుకురా."

 తిప్పేష్ భుజాలు కిందికి దిగాయి, ఒప్పుకున్నాడని ఆమెకు తెలిసింది. రెండేళ్ళుగా చూస్తున్న ఆ మనిషి మొహంలో మొట్టమొదటిసారి భయం కనబడింది. భయపడ్డాడు కాబట్టి బాగుపడతాడని ఆమెకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం ఆమెకు ఎంతోసేపు మిగల్లేదు.

"మాత్రలు లేవు చౌడీ."

"పారేసినావా?"

"పారేస్తానా? మా యమ్మ మూడు బస్సులు మారి తెచ్చిన మాత్రలు పారేస్తానా నేను?"

"మరి?"

వాడు తలుపు వైపు చూశాడు. తలుపు దగ్గర ఎవరూ లేరు. "ఎవురికీ చెప్పనని ఒట్టేసినా," అన్నాడు.

"తిప్పేషూ!"

"జోయల్‌కిస్తాండా."

బయట రోడ్డు మీద ఏదో లారీ పోయింది.  తర్వాత వాడే చెప్పాడు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం చౌడేశ్వరి బస్సెక్కి వెళ్ళిపోయాక జోయల్ ఉండిపోయాడు. మంచం కింద మాత్రల అట్టలు చూశాడు. ఇవేమిటని అడిగాడు. తిప్పేష్ దాచకుండా చెప్పాడు, ఇప్పుడు నాకు అక్కర్లేదని కూడా చెప్పాడు. జోయల్ చాలాసేపు ఆ అట్టలు చేతిలో తిప్పుతూ కూర్చొని, నీకొద్దంటే నాకివ్వమన్నాడు.

"ఎందుకని అడగలేదా?"

"అడిగినా. నాగ్గూడా వినపడతాది అన్న్యాడు. ఇంట్లో తెలిస్తే నాయన చర్చంతా పిలిచి ప్రార్థన పెడతాడు, ఆదివారం అందరి ముందర నిలబెడతాడు, నేను తట్టుకోలేనన్న్యాడు. ఒట్టేయించుకున్యాడు. రోజుకు ఒగటి మింగుతాండాడు."

చౌడేశ్వరి రెండు చేతులతో తల పట్టుకుంది. జోయల్! పాటకూ పాటకూ మధ్య రేకుల పైకప్పు వైపు చూసి తల పక్కకు వంచే జోయల్. స్పీకరు సౌండు ఇంకా పెంచు, ఇంకా పెంచు అని పోట్లాడే జోయల్. చెవులు పోతాయప్పా అంటే, "ఇంత మోతుంటేనే నాకు నెమ్మదిగా ఉంటాది" అని నవ్విన జోయల్. ఆ మాటకు వాళ్ళిద్దరూ చప్పట్లు కొట్టారు కూడా. భలే పంక్ మాట చెప్పావురా అని దాన్ని పోస్టరు మీద అచ్చు వేయించారు. పోస్టరు అదిగో, గోడ మీదే ఉంది. చౌడేశ్వరి దాని వైపు చూడలేకపోయింది.

ఒక బ్యాండులో ముగ్గురు. జబ్బు పేరు పెట్టుకొని ఊరంతా చాటుకున్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరికి ఆ జబ్బే ఉంటే మూడో మనిషికి తెలియలేదు. అందరి ముందూ పెట్టిన చోట దాచుకున్నారు, ఎవరు వెతుకుతారు?

"అయ్యా, డాక్టరు చూడకుండా ఒగరి మాత్రలు ఇంగొగరు మింగుతారా? వానికి అదే రోగమో కాదో ఎవురికి తెలుసు? ఎన్నుండాయి వాని దగ్గర?"

"లేవు. మా యమ్మ రావడం ఈ నెల ఆలస్యమాయె కదా. పోయిన ఆదివారం ఆకరిది మింగినాడు. రోజూ ఫోను చేస్తాండె, మీ యమ్మ వచ్చిందా, మీ యమ్మ వచ్చిందా అని. నిన్నటి నుంచి చేయలేదు."

ఆదివారం. ఈ రోజు బుధవారం. హనుమక్క మూడు గంటల బస్సుకు వస్తుంది. ఆమె ప్లాస్టిక్ కవర్లో నెలకు సరిపడా మాత్రలు వస్తున్నాయి, ఒక్క మనిషికి. చౌడేశ్వరి లేచి నిలబడింది. ఫోను తీసి జోయల్‌కు చేసింది. మోగింది, మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. ఏదో ఒకటి పట్టుకోవాలనిపించి, డ్రమ్ము మీద పెట్టిన కర్రలు చేతిలోకి తీసుకుంది.

"పద, వాళ్ళింటికి పోదాం," అంది.

అప్పుడే బయట స్కూటీ ఆగిన చప్పుడైంది. లోపలికి వచ్చింది జాయ్. జోయల్ చెల్లెలు, ధర్మవరంలో డిగ్రీ చదువుతోంది, సెలవులకు ఇంటికొచ్చింది. ఎండకు మొహం కందిపోయి ఉంది. గడప దాటి రెండడుగులు వేసి, చౌడేశ్వరిని చూసి, తిప్పేష్‌ను చూసి అక్కడే నిలబడిపోయింది.

"అక్కా... నువ్వు ఈడ ఎట్లుండావు?"

"ఏమైంది జాయ్? మీ అన్న యాడుండాడు?"

"ఇంట్లోనే. అమ్మ, నాయన గార్లదిన్నెలో ప్రార్థన కూటాలకు పోయినారు. అన్న పొద్దున్నుంచి రూము తలుపేసుకొని ఉండాడు. చౌడీ, తిప్పేష్ వచ్చినారు, ప్రాక్టీసు చేస్తాండాము, ఎవురూ లోపలికి రావద్దన్న్యాడు. లోపల మాటలు వినపడతానే ఉండాయి. మీరు నేను లేవకముందే వచ్చినారేమో అనుకున్యా. మంచినీళ్ళడిగితే మూడు గ్లాసులు గడప దగ్గర పెట్టినా. మూడూ ఖాళీ చేసి బయట పెట్టినాడు." ఆ పిల్ల గుక్క తిప్పుకుంది. "ఇప్పుడు, అక్క డ్రమ్ము కర్రలు మిల్లులో మరిచిపోయి వచ్చిందంట, బిరీన తెచ్చియ్యి అని నన్ను పంపినాడు."

జాయ్ చౌడేశ్వరి చేతిలోని కర్రల వైపు చూసింది.

"మీరిద్దరూ ఈడుంటే, ఆడ మా అన్న ఎవురితో మాట్లాడతాండాడు?"